సముద్రము నుండి తీసిన నేల



పొలము గట్టు జరిపితే తగవు వస్తుంది. దేశపు గట్టు జరిపితే యుద్ధమే వస్తుంది. అయితే యుద్ధము లేకుండా, పొరుగువాని గట్టు ముట్టకుండా పెరిగిన దేశాలు రెండింటిని చూచే భాగ్యము మాకు కలిగింది. ఒకటి సింగపూరు. రెండవది మన పెద్దలు హాలెండు అని పిలిచిన నెదర్లాండ్స్.

రెండు చోట్లా మా విమానము దిగినది ఒకప్పటి నీటి మీదనే. సింగపూరులో 1981లో తెరిచిన చాంగి విమానాశ్రయము చాలా వరకు సముద్రమును పూడ్చిన చోట ఉంది. నెదర్లాండ్స్‌లోని స్కిపోల్ విమానాశ్రయము ఉన్న చోటు పెద్ద సరస్సు. ఆవిరి యంత్రాలతో దానిని తోడి 1852 నాటికి ఎండబెట్టారు.

1960 ప్రాంతములో సింగపూరు వైశాల్యము 581 చదరపు కిలోమీటర్లు. ఇప్పుడు 730కి పైబడింది. నాలుగెకరాల రైతుకు అయిదో ఎకరము కలిసినట్లు! డచ్చివారు ఒక్క జైడర్ సముద్రపు పథకము వలననే సుమారు 1,650 చదరపు కిలోమీటర్లు, అంటే నాలుగు లక్షల ఎకరాలు సంపాదించారు. కాని వారిది పెద్ద దేశము గనుక అది ఇరవై ఎకరాల వానికి ఒక ఎకరము కలిసినంతే.

డచ్చివారి పద్ధతి రైతుకు వెంటనే అర్థమవుతుంది. 1932లో సముద్రపు పాయకు అడ్డముగా 32 కిలోమీటర్ల కట్ట వేశారు. లోపలి ఉప్పునీరు క్రమేణా మంచినీటి సరస్సయింది. అందులో మళ్ళీ గట్లు వేసి నీరు తోడారు. అడుగున మిగిలిన బురదలో మనిషి దిగలేడు, అందుచేత విమానముల నుండి రెల్లు విత్తనాలు చల్లారు. రెల్లు నీటిని పీల్చి నేలను గట్టిపరచింది. తరువాత దున్ని ఆవజాతి పంట వేశారు. ఇలా లేచిన ఫ్లేవోలాండ్ 1986లో ఆ దేశపు పన్నెండవ రాష్ట్రమైంది. కట్ట వలన జాలరులు సముద్రపు చేపల వేట పోగొట్టుకున్నారు, ఆ సంగతి కూడా చెప్పుకోవాలి. పంపులు ఆగితే నేల మళ్ళీ నీటి పాలే. 1953లో నైరుతి ప్రాంతపు గట్లు తెగి ఒక్క ఆ దేశములోనే 1,836 మంది చనిపోయారు.

స్కోక్లాండ్ అనే చోటికి వెళ్ళాము. అది ఒక దీవి. అలలు కోసివేస్తుంటే 1859లో రాజాజ్ఞపై దాదాపు 650 మంది ఇండ్లు విడిచి వెళ్ళిపోయారు. 1834లో కట్టిన దేవాలయము మాత్రము నిలిచింది. 1942లో చుట్టూ ఉన్న నీరు పోయింది. నేడు ఆ దేవాలయము పొలాల నడుమ చిన్న మిట్టమీద ఉంది. ఒకప్పుడు పడవలు కట్టిన గట్టు పక్కన ఇప్పుడు ట్రాక్టర్లు తిరుగుతున్నాయి. అక్కడ మాకు చాలాసేపు మాట రాలేదు.

సింగపూరు వారిది పూడ్చే పద్ధతి. మొదట తమ గుట్టలనే త్రవ్వి పోశారు. అవి చాలక పొరుగు దేశాల ఇసుక కొన్నారు. వెల ఇచ్చి కొన్నదే, దొంగిలించినది కాదు. కాని అహాబు కూడా నాబోతుకు వెల ఇస్తాననే అన్నాడు గదా! ఇసుక తోడినందున ఇండోనేషియాలోని నీపా అనే దీవి దాదాపు మునిగిపోయేంతగా అరిగింది. రెండు దేశాల సరిహద్దు గీతకు ఆనవాలు ఆ దీవే. కంబోడియాలోని కోకాంగ్ తీరములో పీతలు పట్టి బ్రతికేవారు తమ వేట పాడైందని మొరపెట్టారు. ఇసుక డబ్బు అమ్మినవారి చేతికే వెళ్ళింది గాని వలలు వేసేవారి చేతికి కాదు. మలేషియా 1997లో, ఇండోనేషియా 2007లో, కంబోడియా 2017లో ఇసుక ఎగుమతిని నిషేధించాయి.

సింగపూరు వైశాల్యము వ్రాసిన పుస్తకాలలో ఆ పీతల వారి లెక్క ఎక్కడా కనబడదు.

ఇసుక కరువై సింగపూరు వారు 2016లో ఒక ప్రకటన చేశారు. టెకాంగ్ దీవి పక్కన, సైనిక శిక్షణ కొరకు, సుమారు రెండు వేల ఎకరాలను పూడ్చకుండా, గట్టు కట్టి నీరు తోడి తీస్తామన్నారు. సలహాకు పిలిచినది డచ్చివారినే. ఇసుక ఖర్చు తగ్గుతుంది. బదులుగా అక్కడ కూడా పంపులు రాత్రింబగళ్ళు కాపలా కాయవలసిందే.