గూళూరు దారిలో ఒక బడి, రెండు కంప్యూటర్లు

సంక్రాంతికి ఊరికి పోతున్నానని తెలిసి మన కాలనీ సంఘం వాళ్ళు నాకొక పని అప్పజెప్పినారు. మనం చందాలు వేసి గూళూరు పక్క ఒక బడికి కంప్యూటర్లు కొనిద్దామనుకుంటున్నాం కదా, పోయి చూసి రమ్మన్నారు. చూసింది చూసినట్టు రాస్తున్నాను.

బెంగళూరు నుంచి హైదరాబాదు రోడ్డులో సుమారు వంద కిలోమీటర్లు పోతే బాగేపల్లి. అక్కడ దిగి గూళూరు బస్సెక్కాలి. నిడుమామిడి మఠం ఉన్న గూళూరే ఇది. 2007 దాకా ఈ సీమంతా కోలారు జిల్లా, ఇప్పుడు చిక్కబళ్ళాపురం. రాగి కోతలు అయిపోయి వాములు వేసినారు. బోర్డులన్నీ కన్నడం, బస్సులో మాటలన్నీ తెలుగు. "యాడికి పోవల్ల పెద్దాయనా?" అని కండక్టరు అడిగితే ప్రాణం లేచొచ్చింది.

బడి గూళూరు దగ్గర చిన్న పల్లెలో ఉంది. పేరు రాయను. ఇది ఆ ఒక్క బడి కథ కాదు. అయిదు తరగతులకు ఇద్దరు సార్లు. పెద్దసారు గదిలో గుడ్డ కప్పిన కంప్యూటర్లు రెండు అప్పటికే ఉన్నాయి! ఎవరో దాత ఇచ్చినారంట.

"మిషన్లు బాగానే ఉన్నాయన్నా, యూపీఎస్ బ్యాటరీ పోయింది. నేను ఒకటి, రెండు, మూడు తరగతుల్ని కూర్చోబెట్టుకొని నలికలి చెప్పల్ల. మౌస్ పట్టించేదెవరు?" అన్నాడు సారు. ఇంటర్నెట్ అంటే ఆయన జేబులోని ఫోనే.

శనివారం ఒంటిపూట బడి. ఆ రోజు మాత్రం ఆ ఊరి కోడలు, డిగ్రీ చదివిన పిల్ల, ఊరికే వచ్చి గంటసేపు నేర్పిస్తుందని తెలిసి ఆగినాను. ఒక్కో మిషను ముందు నలుగురు పిల్లలు. తెర మీద ఇంగ్లీషు, చేతిలో కన్నడం పుస్తకం, గుసగుసలు తెలుగులో. ఆ పిల్ల మూడు భాషల్నీ కలిపి చెప్తా ఉంది. నాలుగో తరగతి పాప ఒకటి ఇల్లు, చెట్టు గీసింది. అంతలో కరెంటు పోయింది. పాప కండ్లనిండా నీళ్ళు. పక్కనున్న పిల్లోడు, "సేవ్ చేయలేదా? సేవ్ అంటే దాచిపెట్టేది. మా అవ్వ ఇత్తనం శనక్కాయలు దాచిపెట్టదా, అట్ల" అన్నాడు. ఆ మాట ఏ తెర మీదా లేదు. పక్కన కూర్చొని వాళ్ళ మాటలో చెప్పే మనిషి ఉండబట్టే వాడికి వచ్చింది.

ఇట్లాంటిదే గుజరాత్‌లోని వడోదరలో జరిగింది. 2000లో అక్కడి మునిసిపల్ ప్రాథమిక బడులకు ప్రభుత్వం నాలుగేసి కంప్యూటర్లు ఇచ్చింది. చాలా బడుల్లో అవి వాడకుండా పడున్నాయి. తర్వాత ప్రథమ్ అనే సంస్థ చుట్టుపక్కల వాళ్ళకే శిక్షణ ఇచ్చి బడుల్లో పెట్టింది. నాలుగో తరగతి పిల్లలు మిషనుకు ఇద్దరు చొప్పున, వారానికి రెండు గంటలు లెక్కల ఆటలు ఆడినారు. మిగతా బడులతో పోలిస్తే లెక్కల్లో మార్కులు బాగా పెరిగినాయి. కార్యక్రమం ఆగిన ఏడాదికి ఆ లాభంలో చానా మటుకు కరిగిపోయింది. దీన్ని లెక్కగట్టిన వాళ్ళలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో ఉన్నారు. 2019లో నోబెల్ వచ్చిన వాళ్ళలోనూ ఈ ఇద్దరూ ఉన్నారు. మన కర్ణాటకలోనే అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ మొదట్లో బడి పిల్లలకు కంప్యూటర్ పాఠాల సీడీలు చేయించి, తర్వాత ఉపాధ్యాయుల శిక్షణ వైపు మళ్ళింది.

2020 మనకూ గుర్తే కదా. బడులు మూసినారు, పాఠాలు ఫోన్‌లోకి వచ్చినాయి. ఇంటికి ఒకటే ఫోను, అది నాయనతో పాటు షిఫ్టుకు పోయేది. అప్పుడు కర్ణాటకలో విద్యాగమ అని సార్లే పల్లెలకు పోయి, చెట్ల కింద, గుడి అరుగుల మీద పాఠం చెప్పినారు. అప్పుడూ మనిషే ఆదుకున్నాడు.

మన మిల్లులో కొత్త మిషను దిగితే ఏం చేస్తాం? ఫిట్టరు, నూనె వేసేవాడు, నడిపేవాడు ఉన్నారా అని చూసుకున్నాకే స్విచ్ వేస్తాం. బడికి మాత్రం మిషను దించి, దండ వేసి, ఫోటో తీసుకొని వచ్చేస్తామా?

అందుకని సంఘానికి నా మాట ఇది. ఇప్పుడు కొత్త కంప్యూటర్లు వద్దు. ముందు ఆ బ్యాటరీ మార్పిద్దాం. నాలుగు, అయిదు తరగతులకు వారానికి రెండేసి గంటలు ఆ కోడలు పిల్ల వచ్చేట్టు, పది నెలలు నెలనెలా జీతం కడదాం. సారుతో మాట్లాడినాను, సరేనన్నాడు. ఆ పిల్లనూ అడిగినాను. "ఊరికే వస్తే ఇంట్లో పనికి పిలుస్తారు తాతా, జీతమంటే పంపిస్తారు" అంది.

జీతం ఫోటోలో పడదని కొందరు సణుగుతారు, తెలుసు. వచ్చే ఆదివారం మీటింగుకు రండి. ఒప్పుకోని వాళ్ళు ముఖ్యంగా రండి, కూర్చొని మాట్లాడుకుందాం.