యార్కులో రెండు దినములు

పరదేశములకు చదువుల కేగిన ఆడుపిల్లల ముచ్చటలు మీరు వినియే యుందురు. మంచు, చలి, వంట రాక పడిన పాట్లు, వీనినిగూర్చి వ్రాయువారు వ్రాయుచునే యున్నారు. నేను చెప్పబోవునది ఒక శని ఆదివారముల సంగతి. అది 2022వ సంవత్సరము నవంబరులో, కార్తిక బహుళమున, ఇంగ్లండులోని యార్కు నగరమున జరిగినది.

మేము మువ్వురము నేస్తములము. నాది సామర్లకోట. ఒక నేస్తముది మా వీధియే. కాలువగట్టున మా యింటికి నాలుగిండ్ల యవతల వారి యిల్లు. మూడవ యామెది పెద్దాపురము. ఒక్క బడిలో చదివి, కాకినాడ కాలేజీకి ఒక్క రైలుపెట్టెలో పోయి వచ్చినవారము. ఆ యేడు సెప్టెంబరులో ముగ్గురమును విమానము లెక్కి మూడు ఊళ్లలో పడితిమి. నేను లీడ్సులో, పెద్దాపురపు పిల్ల ఎడింబరోలో, మా వీధి నేస్తము లండనులో.

పోతం జానకమ్మగారను మన తెలుగు ఆడుపడుచు 1870 ప్రాంతములలో ఇంగ్లండు చూచి వచ్చి, తాను చూచినది తెలుగున వ్రాసెను. దాని ఇంగ్లీషు పుస్తకము 1876లో మదరాసున అచ్చుపడినది. ఆ దినములలో ఇంటికి జాబు చేరుటకు వారములు పట్టెడిది. మాకా బాధ లేదు. ప్రతి ఆదివారమును ఫోనులో ఒకరి ముఖ మొకరు చూచుకొనుచు గంటలకొలది మాటలాడుకొనుచుంటిమి. ఇంక కలిసికొనవలసిన పని యేమున్నదని కూడ నే ననుకొంటిని. పెద్దాపురపు పిల్ల మాత్రము పట్టు పట్టెను. లండనునుండి ఎడింబరో పోవు పెద్ద రైలుదారిలో యార్కు నడుమ నుండును. మా లీడ్సున కర్ధగంట దూరము. "సామర్లకోట వాళ్లకి జంక్షను తప్ప ఇంకేం నచ్చుతుంది" అని ఆమెయే ఆ యూరు నిర్ణయించెను.

శనివారము ప్రొద్దున యార్కు స్టేషనులో మేమిద్దరము ముందుగా కలిసికొంటిమి. అది 1877లో కట్టిన స్టేషను. ఇనుప కమానుల పైకప్పు పట్టాలతోపాటు వంపు తిరిగి యుండును. లండను రైలు వచ్చి నిలిచినది, పోయినది. మా నేస్తము దిగలేదు. ఏమైనదో యని కంగారు పడుచుండగా వెనుకనుండి, వీధివైపు ద్వారమునుండి, ఆమె నవ్వుచు వచ్చెను.

"ఏమే, రైలు అటు వస్తే నువ్విటు వచ్చావేం?"

"ముందు బండికే వచ్చేశాను. ఊరు చూస్తున్నాను" అనెను. ఆమె రాత్రియంతయు బస్సులో కూర్చుండి వచ్చినదనియు, బస్సు టిక్కెట్టు రైలు టిక్కెట్టులో నాలుగవ వంతు కూడ కాదనియు మాకు మరునాటివరకు తెలియదు.

మొదట రైల్వే మ్యూజియమునకు పోదమనెను. దానికి ప్రవేశ రుసుము లేదు. 1938లో గంటకు 126 మైళ్లు పరుగెత్తి, ఆవిరి యింజనులలో నేటికిని మిన్నయని పేరుపడిన మల్లార్డు అను నీలపు యింజను అచట నున్నది. మేము దానిముందు చాలసేపు నిలిచితిమి. మా సామర్లకోట మీదుగా తూర్పుకోస్తా రైలుమార్గము 1893కును 1896కును నడుమ పడినది. ఆ పట్టాలే లేకున్న మా తాతల కాలమున ఊరు దాటినవా రెందరుందురు? జపానువారిచ్చిన వేగపు రైలుపెట్టె యొకటి కూడ నున్నది. లోపల కూర్చుండి చూడవచ్చును. మా వీధి నేస్తము అందు కూర్చున్న రెండు నిముషములకే నిద్రపోయెను. మేము నవ్వి ఫొటో తీసితిమి. ఆ ఫొటో ఇప్పటికిని నాయొద్ద నున్నది, చూడ మనసొప్పదు.

అచటినుండి పెద్ద చర్చికి పోతిమి. దానిని మినిస్టరందురు. తూర్పు గోడలో 1405 మొదలు 1408 వరకు చేసిన రంగుటద్దముల కిటికీ కలదు. అంత పెద్దది ఆ కాలపుది ఆ దేశమున మరి లేదట. లోపలికి పోవుటకు రొక్కము చెల్లింపవలెను. మా నేస్తము గుమ్మమువద్ద ఆగి, "దేవుడి గుడికి టిక్కెట్టేమిటే! బయటినించి దణ్ణం పెట్టుకుందాం" అనెను. మాటకారితనమునకు మెచ్చుకొని మేమును ఆగిపోతిమి. ఆమె మాత్రము బయటి బల్లపై వ్రాసియున్నదంతయు ఓపికగా చదివెను. అప్పటికి నాలుగు గంటలు, పొద్దు క్రుంకినది.

రాత్రి బసలో నేను లీడ్సునుండి కట్టి తెచ్చిన పులిహోర విప్పితిని. ముగ్గురకు రెండు పూటలు సరిపోవలెనని చేసినది. మా నేస్తము మాటలాడక తిన్నది. మరల వడ్డించుకొని తిన్నది. డబ్బా అడుగు గీచినపుడు తలయెత్తి మమ్ము చూచి, "మీకు మిగల్చలేదు" అనెను. పెద్దాపురపు పిల్ల నావైపు చూచినది. నేను, సిగ్గువిడిచి చెప్పుచున్నాను, నా పులిహోర అంత బాగున్నదని సంతోషించితిని.

ఆదివారము ఉదయము తొమ్మిదింటికి, అనగా మన దేశమున మధ్యాహ్నము రెండున్నరకు, ఆమె తల్లి ఫోనులో కనబడెను. మమ్మందరను పేరుపేరున పలుకరించి, "రేపు కార్తీక సోమవారం, మీ ముగ్గురి పేరునా భీమేశ్వరుడి దగ్గర దీపాలు పెడతాను. మీ అమ్మగారూ నేనూ కలిసే వెళ్తున్నాం" అని నాతో ననెను. పిదప కూతురి నడిగెను: "నిన్న పెద్ద గుడికి వెళ్లారటగా, లోపల ఎలా ఉందే?"

మా నేస్తము తడుముకొనలేదు. "మన గుడిలాగే రెండంతస్తులమ్మా. మెట్లెక్కి పైనించి చూడాలి. తూర్పున రంగులద్దాల కిటికీ. పొద్దుటి యెండ దానిలోంచి సరిగా పీఠం మీద పడుతుంది" అని చెప్పుకొనిపోవుచున్నది. చాళుక్య భీముడు కట్టించిన మా కుమారారామమున లింగము రెండంతస్తుల యెత్తు. అభిషేకము పైయంతస్తున జరుగును. చైత్ర వైశాఖములలో ప్రొద్దుటి యెండ స్వామిపై పడునని మా యూర చెప్పుకొందురు. చూడని గుడికి ఆమె చూచిన గుడిని తొడిగి తల్లికి చూపుచున్నది. తల్లి సంతోషించి ఫోను పెట్టివేసెను.

గదిలో కొంతసే పెవరమును పలుకలేదు. "ఎన్నాళ్లయిందే తిండి తిని?" అని పెద్దాపురపు పిల్ల అడిగెను. అంతట చెప్పినది.

ఆ కాలమున లండనులో చదువబోవువారు చదువు రుసుముగాక నెలకు 1,334 పౌండ్ల చొప్పున 9 నెలల తిండి బసల రొక్కము బ్యాంకిలో చూపవలెను. అది 28 దినములు కదలక యుండవలెను. ఆమె తండ్రి కాలువక్రింది రెండెకరముల మాగాణి తాకట్టుపెట్టి రుసుము కట్టెను. చూపవలసిన రొక్కము మాత్రము వడ్డీకి తెచ్చి, చూపి, తిరిగి ఇచ్చివేసెను. ఇట్లు చేసినవారు మా వీధిలోనే మరిద్దరున్నారు, అది నేనెరుగుదును. ఎరిగియు, అట్లు చూపిన సొమ్ము లేకుండ ఈ పిల్ల అక్కడ ఏమి తినునని ఒక్కనాడు అడుగలేదు. చదువు దినములలో వారమునకు 20 గంటలకు మించి కూలిపని కూడదు. ఆ కూలి గది యద్దెకే చాలదు. ఆమె రోజున కొక్క పూట, అదియు రొట్టె, తినుచున్నది. ఆదివారములందు మాతో మాటలాడుటకు ముందు ముఖము కడిగి, బొట్టు దిద్దుకొని, దీపము ఎదుట కూర్చుండెడిది. ఫోనులో ముఖమే కదా కనబడునది. జబ్బల యెముకలు, వదులైన రవికె నే నెట్లు చూతును?

"మా అమ్మకి చెప్పకండే. మీ అమ్మలకీ చెప్పకండి" అని చేతులు పట్టుకొనెను. నేను వెంటనే మాట ఇచ్చితిని. పెద్దాపురపు పిల్ల ఇయ్యలేదు. "నేను ఒట్టు వెయ్యను. పదిహేను రోజులు చూస్తాను. ఈలోగా నువ్వే చెప్పాలి" అనెను. ఎంత కఠినురాలని ఆనాడు నాకు కోపము వచ్చినది. మాట ఇచ్చి నేను చేసిన మేలేమి? నా మనసు తేలిక చేసికొంటిని, అంతే. ఆమె కాగితము తీసి, ఏ నెలకెంత కావలెనో లెక్క వ్రాసెను. ఇక్కట్లలోనున్న విద్యార్థులకు అచటి కాలేజీలు సహాయనిధి నుంచుట కలదు; అడుగుటకు సిగ్గుపడి మా నేస్తము ఆ గడప త్రొక్కలేదు. అర్జీ చిత్తు అచ్చటనే ముగ్గురము కూర్చి వ్రాసితిమి. సాయంకాలము ఆమెను రైలెక్కింపవలెనని చూచితిమి గాని, బస్సుకు తిరుగుటిక్కెట్టున్నదని వినలేదు.

పండ్రెండవ నాడు ఆమె తల్లికి చెప్పినది. తల్లి మాటలాడక చెంగు తీసి కన్ను లొత్తుకొనెనట. ఆ చేతులకు గాజుగాజులే యున్నవి. నాలుగు బంగారుగాజులు లేవు. ఆమెయు రెండు నెలలుగా కూతురికి ముఖము మాత్రమే చూపుచు వచ్చినది.

నిధివారు కొంత ఇచ్చిరి. మా ఇద్దర మిచ్చినది అప్పుగానే పుచ్చుకొని చదువు ముగిసిన యేడాదికి తీర్చివేసెను. మాగాణి విడిపించుటకు మరి కొంత కాలము పట్టినది.

2023 మేలో మరల యార్కున కలిసితిమి. ఈసారి ఆమె లండను రైలులో వచ్చి, మాకంటె ముందుగా పోయి మూడు టిక్కెట్లు కొన్నది. లోపల రెండంతస్తులును లేవు, పీఠముపై యెండయు లేదు. ఆనాడు మబ్బు పట్టియుండెను. ఆమె కిటికీయెదుట నిలిచి తల్లికి ఫోను చేసి, దానిని మెల్లగా అద్దములవైపు త్రిప్పినది. అవతలనుండి గట్టిగా కేక వినబడెను: "ఆ కిటికీ సంగతి తర్వాత చూద్దాం. ఫోను వాళ్ల చేతికిచ్చి నువ్వు దూరంగా నిలబడు. నిలువునా చూపించమను."