మిడి సౌతె పండే ఊరు

బెంగుళూరు నుంచి మధుగిరికి సుమారు నూరు కిలోమీటర్లు. ఊరు రాకముందే పెద్ద ఏకశిల కొండ, దాని మీది కోట కనబడతాయి. అక్కడ బస్సు మారి పావగడ దారి పడితే చెవిన పడేది సగం కన్నడం, సగం మన తెలుగు. ఆ దారిలోని ఒక పల్లె మా పుట్టిల్లు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. తరాలుగా మాకు ఇదే అలవాటు.

నా చిన్నతనంలో మా చేలో వేరుశనగ తప్ప మరొకటి చూడలేదు. ఇప్పుడు బోరు కింద ఎకరం నేలలో కర్రలు పాతి, పురికొసలు కట్టి, తీగెలు పాకించారు. వేలెడంత కాయలు, ఒళ్ళంతా చిన్న చిన్న బుడిపెలు. అక్కడ దీన్ని ‘మిడి సౌతె’ అంటారు. కన్నడంలో మిడి అంటే పిందె, సౌతె అంటే దోస. ఇంగ్లీషువాళ్ళ గెర్కిన్ ఇదే.

1990ల తొలినాళ్ళలో కర్ణాటకలో మొదలైన ఈ సాగు తరువాత తమిళనాడుకు, ఆంధ్ర, తెలంగాణలకు పాకింది. కంపెనీ విత్తనం ఇస్తుంది, కాయ తానే కొంటుంది. దాదాపు పంటంతా ఉప్పునీటిలోనో వినెగర్‌లోనో ఊరి విదేశాలకు ఓడెక్కుతుంది. విత్తిన నెల రోజులకే కోత మొదలు. ఇక రోజూ కోయాలి. కిలోకు ఎన్ని కాయలు తూగుతాయన్నదే లెక్క. 160కి పైగా తూగే చిట్టి కాయకు మంచి ధర. ఒక్క రోజు ఆలస్యమైతే కాయ లావెక్కి ధర పడిపోతుంది. అందుకే మా వదినకు జ్వరమొచ్చినా తెల్లవారకముందే చేలో ఉండాల్సిందే.

వంకర కాయ, ముదురు కాయ వెనక్కి వస్తాయి. ఆ గంప బర్రెల ముందు పెడుతుంటే అడిగాను, “వదినా, ఈ ఊరగాయ ఎట్లుంటుందో ఎప్పుడైనా తిన్నారా?” అని.

“పచ్చిది కొరికినాం. సీసాలో వేసింది మాకు యాడ దొరుకుతుందమ్మా?” అంది.

పన్నెండేళ్ళుగా పండిస్తున్న మనిషి! ఆ గంపలో రెండు కిలోలు ఏరి సంచిలో వేసుకున్నాను.

దీనికి ముఖ్యమైన ఆకు ‘డిల్’. కొత్త వస్తువేమీ కాదు. మన సోయికూరే. కర్ణాటకలో బాలింతలకు పెట్టే సబ్బసిగె సొప్పు అదే. పూనా, షోలాపూరు సోదరీమణులు షేపు పేరుతో కొనేదీ అదే. కాయా మన నేలదే, ఆకూ మన సంతదే. రెండింటినీ ఒక సీసాలో వేయడం మాత్రం మనకు తట్టలేదు.

అరకిలో కాయలు కడిగి, పువ్వు ఉండే కొన కొద్దిగా కోసేయాలి. ఆ కొన ఉంటే ముక్క మెత్తబడుతుంది. నిలువుగా నాలుగు చీలికలు చేసి, గుప్పెడు సోయికూర, ఆరు వెల్లుల్లి రెబ్బలు, చెంచాడు ఆవాలు, అర చెంచా మిరియాలతో గాజు సీసాలో నింపాలి. కప్పు నీళ్ళు, కప్పు వినెగర్, పెద్ద చెంచాన్నర కల్లుప్పు, చెంచాడు పంచదార మరిగించి, కాస్త చల్లారాక ముక్కలు మునిగేలా పోయాలి. పూర్తిగా ఆరాక ఫ్రిజ్‌లో పెడితే మర్నాటికే తినవచ్చు. మూడోనాటికి రుచి పట్టుకుంటుంది. నూనె, కారం వేసిన మన జాడీ ఊరగాయలా ఏడాది ఉండదు. బయట పెట్టకుండా మూడు వారాల్లో ముగించాలి. గెర్కిన్ దొరకని ఊళ్ళో లేత కీరా చాలు.

ఉగాదికి మూడు రోజుల ముందు ఒక సీసా పెట్టి, మంచుగడ్డల డబ్బాలో ఊరికి తీసుకువెళ్ళాను. వదిన ఒక ముక్క కొరికి, కళ్ళు మూసి, “పుల్లగా బాగుంది. కరకరలాడతాంది కూడా. కారం లేనిది ఊరగాయ ఎట్లయితాది?” అని నవ్వింది. అన్నయ్య మజ్జిగన్నంలో నాలుగు ముక్కలు నంజుకున్నాడు.

తరువాత మెల్లిగా అడిగింది, “బెంగుళూరు అంగట్లో ఇట్లాంటి సీసా ఎంతకమ్ముతారు?”

చెప్పాను. సీసా ఎత్తి, లోపల ఎన్ని కాయలున్నాయో లెక్కపెట్టింది. తమకు కిలోకు వచ్చేదానితో వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుంది. ఆ లెక్క పైకి చెప్పలేదు. ఇంకో ముక్క తీసుకుంది.

మొన్న ఫోన్ చేసింది. రెండు పచ్చిమిరపకాయలు చీల్చి వేసి తనే ఒక సీసా పెట్టిందట. వెనక్కి వచ్చిన గంప ఇప్పుడు ముందు వంటింట్లోకి వెళ్ళి, మిగిలిందే బర్రెల దగ్గరకు పోతోందట.