ముందు వెళ్ళినవాళ్ళ మీద అనుమానం

మూత్రంలో మంట అని వచ్చిన ఆడవాళ్ళను ఎప్పటినుంచి అని అడిగితే, చాలామంది రోజుతోపాటు ఒక చోటు కూడా చెబుతారు. బస్టాండులో బాత్రూం, బోధన్ రోడ్డు మీద పెట్రోల్ బంకు, మొన్న పెళ్ళికి పోయిన ఫంక్షన్ హాలు, ఇలా ఏదో ఒకటి. "ఎవలెవలో పోతరు సార్, ఆడ్నే అంటుకున్నది" అంటారు. కొందరు ముందు వెళ్ళినావిడ వాలకం కూడా వర్ణిస్తారు: కూలి మనిషి, వట్టి కాళ్ళతో ఉంది, చీర మాసి ఉంది. రోగం ఆ మనిషి ఒంట్లో ఉందనీ, ఆమె దాన్ని అక్కడ వదిలి వెళ్ళిందనీ, తమకు పట్టుకుందనీ వాళ్ళ లెక్క. నిజామాబాద్ పట్టణంలోనూ, బోధన్ చుట్టుపక్కల చెరుకు ఊళ్ళలోనూ ప్రాక్టీసు చేసే డాక్టరు ఎవరైనా ఈ లెక్క వినే ఉంటారు. అది తప్పు. అంతకంటే పెద్ద సంగతి, ఆ తప్పుడు భయమే చాలామందిని జబ్బు మనుషుల్ని చేస్తోంది.

ఆడవాళ్ళ మూత్రనాళం పొడవు సుమారు 4 సెంటీమీటర్లు, మగవాళ్ళది దాదాపు 20. మూత్రకోశానికి చేరే సూక్ష్మజీవుల్లో ఎక్కువ భాగం ఈ.కోలై. అది ఎవరి పేగుల్లోంచో రాదు, రోగి పేగుల్లోంచే వస్తుంది. మలద్వారం నుంచి మూత్రద్వారానికి ఉన్న కాస్త దూరం దాటి పైకి పాకుతుంది. ముందు కూర్చున్న మనిషికి ఇందులో పాత్ర దాదాపు లేదు. సుఖవ్యాధుల సంగతీ అంతే: గనేరియా, సిఫిలిస్ క్రిములు ఒంటి బయట తడి ఆరితే బతకవు. ట్రైకోమోనాస్ అనే మరో సుఖవ్యాధి క్రిమి తడి చోట కొన్ని గంటలు బతకగలదన్నది నిజమే, కానీ ఆ దారిన అంటుకోవడం చాలా అరుదు, మామూలు దారి లైంగిక సంబంధమే. ఇంకో రకం కేసు ఉంది. దురద, పెరుగు తరకల్లా తెల్లబట్ట, మూత్రంలో మంట, ఫంక్షన్ హాలుకు పోయొచ్చినప్పటినుంచే అని గట్టి నమ్మకం. రక్తపరీక్ష చేస్తే కొందరిలో షుగరు బయటపడుతుంది. షుగరు అదుపులో లేనప్పుడు పెరిగే ఫంగస్ అది. బాత్రూంను నిందిస్తూ క్రీములు రాసుకుంటూ గడిపినన్నాళ్ళు అసలు జబ్బు లోపల తన పని తాను చేసుకుపోతూ ఉంటుంది.

మగవాళ్ళలో ఇదే నమ్మకం మరో దారి పడుతుంది. మూత్రద్వారం నుంచి చీము కారుతుంటే, బస్టాండులో మూత్రానికి పోయినప్పుడు వచ్చిందని చెప్పడం వాళ్ళకు సులువు. డాక్టరు కూడా మొహమాటపడి ఆ మాట దగ్గరే ఆగిపోతే, మందులు ఆయనకే రాసి పంపిస్తే, ఇంట్లో భార్యకు వైద్యం అందదు. ఆమెకు లక్షణాలు బయటికి కనిపించకపోవచ్చు. కొన్నేళ్ళ తర్వాత పొత్తికడుపు నొప్పి అనో, పిల్లలు కావడం లేదనో వస్తుంది. ఎవరో తెలియని మనిషి మీద వేసిన నింద అప్పుడు ఇంటి మనిషికి తగులుతుంది. అందుకే ఈ నమ్మకాన్ని అమాయకమైనదని వదిలేయలేను.

ఇక ఎక్కువమందికి జరిగే నష్టం బిగబట్టుకోవడం వల్ల. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. పనికీ, చదువుకూ, దవాఖానాకూ బయటికొచ్చే ఆడవాళ్ళు పెరిగారు. వాళ్ళలో చాలామంది పొద్దున ఇల్లు దాటే ముందే నీళ్ళు మానేస్తారు, మళ్ళీ ఇంటికి చేరేదాకా పోరు. బట్టల దుకాణాల్లో నిలబడి అమ్మే అమ్మాయిలు, చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు వచ్చి వరుసలో కూర్చునే ఆడవాళ్ళు, ఊరూరా తిరిగే ఆశా కార్యకర్తలు, అందరిదీ ఇదే అలవాటు. నిజామాబాద్ ఎండలు తెలిసినవాళ్ళకు దాని ఫలితం చెప్పక్కరలేదు. ఏప్రిల్, మే నెలల్లో ఒంట్లో నీరంతా చెమటగా పోతుంది, మూత్రం చిక్కబడి పచ్చగా వస్తుంది, "వేడి చేసింది" అని సబ్జా గింజలు నానబెట్టుకుంటారు. నిజానికి మూత్రకోశాన్ని కడిగేది మూత్రమే. గంటగంటకూ ధారగా పోతూ ఉంటే పైకి పాకిన క్రిములు నిలవలేవు. నీళ్ళు తాగక, వచ్చింది ఆపుకుంటే వాటికి కావలసినంత సమయం దొరుకుతుంది. 2018లో ప్రచురితమైన ఒక పరిశోధనలో తరచూ మూత్రకోశ వ్యాధి వచ్చే, నీళ్ళు తక్కువ తాగే 140 మంది మహిళలను రెండు గుంపులు చేశారు. ఒక గుంపు రోజూ అదనంగా లీటరున్నర నీళ్ళు తాగింది. ఏడాదిలో ఆ గుంపులో ఒక్కొక్కరికి సగటున 1.7 సార్లు వ్యాధి తిరగబెడితే, తాగనివాళ్ళకు 3.2 సార్లు తిరగబెట్టింది. అదనంగా పోసింది మంచినీళ్ళే. (గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం డాక్టరు చెప్పిన కొలత దాటకూడదు.) మూత్రంలో రాళ్ళకూ మూత్రం ఇలా చిక్కబడటమే పెద్ద కారణం.

బిగబట్టలేక లోపలికి వెళ్ళినవాళ్ళను కూడా అనుమానం వదలదు. వెస్టర్న్ సీటు మీద కూర్చోకుండా, తొడలు బిగించి, పైన గాలిలో సగం వంగి కానిచ్చేస్తారు. బ్రిటన్‌లో 1991లో వెలువడిన ఒక అధ్యయనంలో స్త్రీల వైద్య విభాగానికి వచ్చినవాళ్ళలో 85 శాతం మంది బయటి టాయిలెట్లలో ఇలాగే చేస్తామన్నారు. అలా వంగినప్పుడు మూత్రం ధార సగటున ఐదో వంతు తగ్గింది, లోపల మిగిలిపోయే మూత్రం రెట్టింపు దాటింది. కారణం కష్టమైనదేమీ కాదు. తొడలు, కటి కండరాలు బిగిసి ఉంటే మూత్రకోశం పూర్తిగా ఖాళీ కాదు. మన ఇండియన్ బేసిన్ మీద గొంతుక్కూర్చుంటే ఈ బాధ లేదు. చిక్కంతా ఈ సగం వంగడంతోనే. అలా వంగినావిడ సీటు మీద చిందిస్తుంది. తర్వాత వచ్చినావిడ ఆ చుక్కలు చూసి ఎంత రోగిష్టి మనిషో అనుకుని తనూ వంగుతుంది. మూడో మనిషి చెప్పులతో సీటెక్కి కూర్చుంటుంది. పింగాణీ పగిలితే తొడ కోసుకుపోతుంది, కుట్లు వేయాల్సి వస్తుంది. సీటు మీద కనిపించే మురికి చాలావరకు మురికికి భయపడ్డవాళ్ళు చేసిందే. ప్రతి ఒక్కరూ తమకు ముందు వెళ్ళిన మనిషిని తలుచుకుంటారు, తమ తర్వాత ఒకరు వస్తారని, ఆమెకు ముందు వెళ్ళిన మనిషి తామేనని ఎవరికీ తోచదు.

ఇంత చెబితే, బయటి బాత్రూంలో ప్రమాదమే లేదంటారా డాక్టరుగారూ అని అడగవచ్చు. ఉంది, కానీ అది వేరే చోట ఉంది. టైఫాయిడ్, పచ్చకామెర్లు, రక్త విరేచనాలు మలం నుంచి చేతికి, చేతి నుంచి నోటికి వస్తాయి. ఎడమచేత్తో కడుక్కున్న మనిషి అదే చేత్తో నల్లా తిప్పుతుంది, మగ్గు పట్టుకుంటుంది, గొళ్ళెం తీస్తుంది. సీటు తాకకుండా సర్కస్ చేసి బయటికొచ్చి, సబ్బు లేదని ఉత్త నీళ్ళు చిలకరించుకుని, బస్సెక్కి మిర్చి బజ్జీ తింటే, అంత జాగ్రత్తా వృథా. 1847లోనే వియన్నాలో సెమ్మెల్వైస్ అనే వైద్యుడు డాక్టర్ల చేతులు కడిగించి బాలింతల మరణాలు తగ్గించి చూపించాడు. సంచిలో ఒక సబ్బు ముక్క ఉంటే చాలు. పిరుదుల చర్మానికి ఏ గాయమూ లేకపోతే సీటు దాన్నేమీ చేయలేదు. చేయి మాత్రం రోజుకు వందసార్లు నోటి దగ్గరికి వెళుతుంది.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. ఆడవాళ్ళు వెళ్ళనిది రోగభయంతోనే కాదు, గొళ్ళెం ఉండదు, లైటు ఉండదు, గుమ్మం ముందు మగవాళ్ళు నిలబడి ఉంటారు, ఫోన్ కెమెరాల భయం ఉంటుంది. ఈ భయాలకు ఆధారం ఉంది, వీటిని పోగొట్టాల్సింది బాత్రూం కట్టినవాళ్ళు, నడిపేవాళ్ళు. చాలాచోట్ల మగవాళ్ళు మూత్రానికి ఉట్టినే పోతారు, ఆడవాళ్ళ దగ్గర మాత్రం డబ్బులు తీసుకుంటారు. వైద్యం తెలిసినవాడిగా నాకిది నీళ్ళు తాగడం మీద వేసిన పన్నులా కనిపిస్తుంది. ట్రాన్స్‌జెండర్ల కష్టం ఇంకా పెద్దది. 2014లో సుప్రీంకోర్టు నల్సా తీర్పులో వాళ్ళకు విడిగా పబ్లిక్ టాయిలెట్లు ఏర్పాటు చేయమని చెప్పింది. అవి లేనిచోట వాళ్ళు ఏ వైపు వెళ్ళినా లోపలివాళ్ళు అనుమానంగా చూస్తారు, వాళ్ళూ రోజంతా ఎండిన నోటితోనే తిరుగుతారు. అయితే ఈ న్యాయమైన భయాలన్నిటినీ ఆ పాత అనుమానంతో కలిపేస్తే నష్టం మనకే. గొళ్ళెం పెట్టించమని అడగాల్సిన గొంతు, ముందు వెళ్ళిన కూలి మనిషిని తిట్టడంలోనే అయిపోతుంది.

శుభ్రం చేసేవాళ్ళు ఉన్నారు కదా, మేమెందుకు నీళ్ళు పోయాలి అనేవాళ్ళూ ఉన్నారు. ఆ ధీమాతో వాడిన ప్యాడ్‌ను బేసిన్‌లో వేస్తే అది పైపులో ఉబ్బి అడ్డం పడుతుంది, దాన్ని చేత్తో తీయాల్సి వచ్చేది ఆ పారిశుద్ధ్య కార్మికురాలే. చేతులతో మలం ఎత్తించడాన్ని 2013 చట్టం నిషేధించింది, 2016 నాటి చెత్త నియమాలు ప్యాడ్లను చుట్టి పొడి చెత్త బుట్టలో వేయమన్నాయి. రోగం అంటుకుంటుందని నిజంగా భయపడాల్సిన మనిషి ఆ బాత్రూంలో ఒకరుంటే, అది గ్లౌజులు లేకుండా పనిచేసే ఆమే.

చెరుకు పనిలో ఈ సంగతంతా ఇంకా కఠినంగా ఉంటుంది. బోధన్‌లో 1937 నాటి నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. చెరుకు తగ్గింది కానీ, ఉన్న తోటల్లో నరికే కూలీ ఆడవాళ్ళకు బాత్రూం మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నే రాదు, అసలు ఉండదు. సరిహద్దు అవతల మహారాష్ట్రలో, బీడ్ జిల్లా చెరుకు కూలీల్లో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు ఎక్కువగా ఉన్నారని గగ్గోలు లేచి 2019లో అక్కడి ప్రభుత్వం కమిటీ వేసింది. తెల్లబట్ట, నడుము నొప్పి, మంట, ఇలాంటి బాధలతో వెళితే చివరికి ఆపరేషన్ దాకా పోయిన కథలవి. మంచి నీళ్ళు, చాటు, కడుక్కునే వీలు ఉండి ఉంటే ఆ బాధల్లో కొన్ని దవాఖానా గుమ్మం దాకా వచ్చేవే కావు. మంటతో వచ్చిన ప్రతి మనిషికీ యాంటీబయాటిక్ రాసే ముందు మేం డాక్టర్లం రెండు ప్రశ్నలు అడగాలి: పొద్దుటినుంచి ఎన్ని నీళ్ళు తాగావమ్మా, పని దగ్గర మూత్రానికి ఎక్కడికి పోతావు? రెండో ప్రశ్నకు చాలామంది తలవంచుకుంటారు. అయినా అడిగి, చెప్పిన జవాబును చీటీ మీద రాయాలి. అలాంటి చీటీలు కొన్ని వందలు పోగైతే, ఏ సెంటరులో ఎన్ని బాత్రూములు కావాలో మున్సిపాలిటీకి చూపించడానికి మా చేతిలో కాగితం ఉంటుంది.