మా కుడి చేయి



నరసాపురం, పాలకొల్లు వైపు లేసు అల్లే తల్లులను ఎవరినైనా అడిగి చూడండి. నడిరాత్రి చేయి మొద్దుబారి మెలకువ రావడము, లేచి విదిలించుకొని మళ్లీ పడుకోవడము వారికి కొత్త కాదు. తిమ్మిరి అంటారు, నరాల బలహీనత అంటారు, మందుల షాపులో బి కాంప్లెక్సు మాత్రలు కొనుక్కుంటారు. గోదావరి స్త్రీలకు ఈ అల్లికను 1844లో నేర్పినవారు దుమ్ముగూడెములో సేవ చేసిన మెక్రే దంపతులని, వారు స్కాట్లాండు నుండి వచ్చిన మిషనరీలని చెబుతారు. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. లేసు గురించి వ్రాసినవారు చాలామంది ఉన్నారు గాని, సూది పట్టిన వేళ్ల గురించి వ్రాసినవారు తక్కువ. అందుకే ఈ నాలుగు మాటలు.

మా ఇంట్లో నలభై ఏళ్లుగా లేసు సూది ఉంది. చేయి మాలో ఒకరిదే అయినా, నిద్ర చెడింది ఇద్దరికీ. కనుక మేము "మా చేయి" అనే అంటాము.

2023లో అమ్మాయి పురుటికని డాలస్ వెళ్లాము. అమ్మాయికి ఎనిమిదో నెలలో తనకూ వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. గర్భిణులలో ఒంటికి నీరు చేరి అలా అవుతుందనీ, కాన్పు తర్వాత చాలామందికి దానంతట అదే తగ్గుతుందనీ అక్కడి డాక్టరమ్మ చెప్పి, రాత్రిపూట మణికట్టు వంగకుండా కట్టుకొనే పట్టీ ఒకటి ఇచ్చారు. తల్లీకూతుళ్లకు ఒకే జబ్బా అని నవ్వుకున్నాము. మరునాడు వంటగదిలో మా చేతిలోని స్టీలు గ్లాసు జారి పడింది. ఆ వారములోనే రెండోసారి. అప్పుడు నవ్వు రాలేదు. నూనె రాసిన పసిబిడ్డను కాళ్ల మీద వేసుకొని నీళ్లు పోయవలసినది ఆ చేయే గదా!

జబ్బు పేరు కార్పల్ టన్నెల్ సిండ్రోమ్. మణికట్టు దగ్గర ఎనిమిది చిన్న ఎముకలు, వాటి మీద అడ్డముగా ఒక గట్టి పట్టె కలిసి ఒక సొరంగములాగా ఉంటాయి. వేళ్లను ముడిచే తొమ్మిది కండర త్రాళ్లూ, వాటితోపాటు మీడియన్ అనే నరమూ ఆ ఇరుకులోనుండే వెళ్లాలి. లోపల వాపు వస్తే నలిగేది నరమే. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలిలో సగము మొద్దుబారుతాయి. చిటికెనవేలికి వేరే నరము గనుక అది హాయిగా ఉంటుంది. షుగరు, థైరాయిడ్ లోపము, కీళ్లవాతము ఉన్నవారికి ఇది ఎక్కువ. మగవారికంటే స్త్రీలకు ఎక్కువ.

అమ్మాయి తన నడుము నొప్పికి వెళ్లే కైరోప్రాక్టర్ దగ్గరకు మమ్మల్ని కూడా తీసికొని వెళ్లింది. మన పుత్తూరు కట్టు లాంటిది కాబోలనుకున్నాము. కాదు. పుత్తూరువారు విరిగిన ఎముకకు కట్టు వేస్తారు. వీరు ప్రధానముగా వెన్నుపూసను, కీళ్లను చేతులతో సర్దుతారు. డి. డి. పామర్ అనే ఆయన 1895లో ఐయోవా రాష్ట్రములోని డావెన్‌పోర్టులో ఈ వైద్యము ప్రారంభించాడు. చేతితో చేయుట అని అర్థమిచ్చే గ్రీకు మాటలనుండి దానికి పేరు కూర్చిపెట్టినది ఆయన స్నేహితుడైన రెవరెండ్ శామ్యూల్ వీడ్ అనే పాదిరిగారట! ఇప్పుడు అమెరికాలోని యాభై రాష్ట్రాలలోనూ వీరికి లైసెన్సు ఉంది.

ఆయన మా రెండు మణికట్లను ఒక నిమిషము వంచి ఉంచమన్నారు. అర నిమిషానికే వేళ్లు జివ్వుమన్నాయి. మణికట్టును నెమ్మదిగా లాగి, అరచేతిని సాగదీసి, నిద్రలో కట్టుకోవడానికి పట్టీ ఇచ్చారు. మంచి చేయి ఆయనది, ఆ మాట చెప్పాలి. తర్వాత మెడను కూడా సర్దుతానన్నారు. మెడలో నరము నొక్కుకున్నా వేళ్లు తిమ్మిరెక్కవచ్చన్నది నిజమే. అయితే మెడను వేగముగా తిప్పినప్పుడు అరుదుగా రక్తనాళము చిరిగి పక్షవాతము వచ్చిన సంగతులు ఉన్నాయని అల్లుడు ముందే చెప్పాడు. అరవై దాటిన మెడ, వద్దన్నాము. కీళ్లలో టక్కుమనే శబ్దము ఎముక తన చోటికి వచ్చిన శబ్దము కాదనీ, కీలులోని ద్రవములో గాలి బుడగ వంటిదనీ కూడా అల్లుడే చెప్పాడు.

ఆరు సార్లు వెళ్లాము. రాత్రి నాలుగుసార్లు లేచేవారము ఒకసారికి వచ్చాము. ఆయన సంతోషించి, ఇరవై నాలుగు సార్లకు డబ్బు ముందే కడితే ఆపరేషను అవసరమే ఉండదన్నారు. ఆ మాట మాకు రుచించలేదు. రాత్రి సుఖము ఆయన చేతిదా, పట్టీదా? 1998లో అచ్చయిన ఒక పరిశోధనను అల్లుడు చదివి వినిపించాడు. 91 మంది రోగులను రెండు గుంపులు చేసి తొమ్మిది వారాలు చూశారు. ఒక గుంపుకు నొప్పి మాత్రలు, మరొక గుంపుకు కైరోప్రాక్టిక్. ఇరువురికీ దాదాపు సమానముగానే మేలు కలిగింది. అయితే రాత్రి పట్టీ రెండు గుంపులకూ కట్టారు! ఏమీ చేయని గుంపు అసలు లేదు. ఇక ఘనత ఎవరికి ఇవ్వాలి? మేము పట్టీని ఉంచుకొని, డబ్బు కట్టడము మానుకున్నాము.

దేవుని కృపను బట్టి మనుమరాలు క్షేమముగా పుట్టింది. నీళ్లు పోసేటప్పుడు ఒకరము పట్టుకున్నాము, ఒకరము పోశాము. మాలో రెండవవారికి డెబ్బైకి దగ్గరలో అబ్బిన విద్య ఇది.

నిద్ర బాగుపడింది గాని బొటనవేలికి బలము రాలేదు. జాకెట్టు హుక్కు పెట్టుకోవడము కష్టమే. బొటనవేలి క్రింద ఉబ్బెత్తుగా ఉండవలసిన కండ పల్లమైంది. ఇంటికి రాగానే భీమవరములో నరాల పరీక్ష చేయించాము. నరము చాలాకాలము నలిగిపోయిందనీ, కండ కరిగిన తర్వాత పట్టీతోగాని, సర్దడముతోగాని కాలము గడపకూడదనీ డాక్టరుగారు చెప్పారు. ఆ అడ్డ పట్టెను కోసి నరానికి చోటివ్వాలి. చేతికి మాత్రమే మత్తు ఇస్తారు.

స్త్రీల సమాజములో ఒక సహోదరి, "ప్రార్థన ఉండగా కత్తి ఎందుకు?" అని అడిగారు. ఆమె మనసు మంచిదే. ఊచచేయి గలవానిని ప్రభువు స్వస్థపరచిన సంగతి ముగ్గురు సువార్తికులు వ్రాశారు గాని, అది కుడి చేయి అని వ్రాసినది వైద్యుడైన లూకా ఒక్కడే. పని చేసుకొనే చేయి ఏదో వైద్యుడు గుర్తించాడు. ప్రార్థన చేసుకొనే ఆపరేషను బల్ల ఎక్కాము.

పన్నెండవ రోజున కుట్లు తీశారు. ఇప్పుడు రాత్రి మెలకువ లేదు. హుక్కు పెట్టుకుంటున్నాము. మధ్యవేలి కొనన మొద్దు ఇంకా ఉంది. అది పూర్తిగా పోతుందని డాక్టరుగారు మాట ఇవ్వలేదు. లేసు రోజుకు గంట మించి పట్టడము లేదు. ఆ మేరకు రాబడి తగ్గింది.

మా సంఘములో ముగ్గురు తల్లులు ఇప్పుడు పట్టీ కట్టుకొని పడుకుంటున్నారు. వారిలో ఇద్దరికి సుఖముగా ఉంది. మూడవ ఆమె బొటనవేలి క్రింద పల్లము కనబడుచున్నది. ఆపరేషను అంటే ఆమెకు భయము, కూలి పోతుందని అంతకంటే భయము. వచ్చే మంగళవారము ఆమెను భీమవరము తీసికొని వెళ్తున్నాము.