బిళ్ళా, అచ్చా, దెబ్బా?

నాంపల్లి స్టేషన్లో దిగి ఆటోలో సైఫాబాద్ మింట్ కాంపౌండ్‌కి వెళ్ళాను. ఎర్రర్ నాణేలు సేకరించేవాళ్ళు ఒక్కసారైనా చూడాల్సిన చోటు ఇది. నిజాం మహబూబ్ అలీఖాన్ హయాంలో, 1903లో ఈ టంకశాల ఇక్కడ మొదలైంది. 1997లో నాణేల తయారీ చర్లపల్లికి తరలిపోయింది. పాత భవనంలో 2022లో మ్యూజియం తెరిచారు.

తక్కిన సందర్శకులు నాణేల అద్దాల పెట్టెల చుట్టూ మూగితే నేను పనిముట్ల దగ్గరే ఎక్కువసేపు ఉండిపోయాను. లోహపు రేకు నుంచి బిళ్ళ కత్తిరించాలి, ఉక్కు అచ్చులు తయారుచేయాలి, ఆ అచ్చుల నడుమ బిళ్ళను ఉంచి దెబ్బ వేయాలి. పొరపాటు వీటిలో ఎక్కడ జరిగిందో తేలిందాకా దానికి పేరు పెట్టకూడదు. వింతగా ఉన్న ప్రతిదాన్నీ ఎర్రర్ అనేస్తే ఈ సేకరణకి అర్థమే లేదు.

ఉదాహరణకి, రేకు సరిగా ముందుకు జరగలేదనుకోండి. కట్టర్ వెళ్ళి పాత రంధ్రం మీద పడుతుంది. నెలవంకలా కొరుకుడు పడ్డ బిళ్ళ వస్తుంది. అది క్లిప్. కొరుకుడుకి సరిగ్గా ఎదుటివైపు అంచు గట్టు కూడా పలచబడి ఉంటే అసలుదని చాలావరకు నమ్మొచ్చు. గట్టు లేపే యంత్రంలో అక్కడ ఒత్తిడి చాలదు మరి. ఇంట్లో కూర్చుని ఆకురాయితో అరగదీసినదానికి ఆ గుర్తు రాదు.

సాయంత్రం చార్మినార్ దగ్గర ఫుట్‌పాత్ మీద నాణేలు పరుచుకున్న ఒకాయన దగ్గర కూర్చున్నాను. స్టీలు రూపాయి ఒకటి తీసి చేతిలో పెట్టాడు. ఏడాది కింద హైదరాబాద్ మింట్ గుర్తు, నక్షత్రం.

“లఖీ సార్. గల్లాపెట్టెలో పెట్టుకుంటే కలిసొస్తది.”

లఖీ అంటే కేటలాగుల్లో బ్రాకేజ్. కొట్టిన నాణెం అచ్చుకే అతుక్కుపోతే, తరవాత వచ్చే బిళ్ళ మీద దాని బొమ్మ గుంటగా, అద్దంలోలా తిరగబడి పడుతుంది. ఆయనిచ్చిన రూపాయికి ఒకవైపు సింహాలు మామూలుగా ఉన్నాయి. రెండోవైపు అవే సింహాలు తిరగబడి, లోపలికి నొక్కుకుపోయి ఉన్నాయి. భూతద్దం కింద పెట్టాను. ఆ గుంటల అడుగున ‘1’ అంకె, పక్కన ధాన్యపు కంకులు అణిగిపోయి ఇంకా కనబడుతూనే ఉన్నాయి. నిజమైన లఖీలో అవి ఉండే వీల్లేదు. ఆ అచ్చుని అతుక్కున్న నాణెం కప్పేసి ఉంటుంది కదా! రెండు నాణేలను బెంచి వైసులో బిగించి నొక్కితే ఇలా తయారవుతుంది.

“అన్నా, ఇది మింట్‌లో జరిగింది కాదు” అని భూతద్దం ఆయనకే ఇచ్చాను. చాలాసేపు చూశాడు. తనకి అమ్మినవాడి మీద కోపమొచ్చింది. నాకూ వచ్చింది. తెలియనివాళ్ళు వీటికి కష్టార్జితం పోస్తున్నారు.

తరవాత నిజాం కాలపు వెండి రూపాయి చూపించాడు. రాత సగం నాణెం బయటికి పోయింది. ఆయన దాన్ని ఆఫ్ సెంటర్ అంటున్నాడు. యంత్రాలు రాకముందు సుత్తితో కొట్టిన నాణెమది. ఆ రోజుల్లో అచ్చు బిళ్ళ కన్నా పెద్దది. అందుకే నాణెం మీద రాత పూర్తిగా పడటమే అరుదు. పద్ధతే అదైనప్పుడు ఎర్రర్ ఎలా అవుతుంది? యంత్రం మీద కొట్టిన చార్మినార్ రూపాయిలో బొమ్మ అలా పక్కకి జరిగితే మాత్రం ఆ పేరు చెల్లుతుంది.

“మరి దీన్నేమంటరు?” అంటూ డబ్బా అడుగు నుంచి రెండు రూపాయల నాణెం తీశాడు. దాని మీద నక్షత్రం పక్కనుంచి అంచుదాకా వెంట్రుకంత గీత ఉంది. గోటితో తడిమాను. ఉబ్బెత్తుగా తగిలింది. ఎవరో గీరితే గుంట పడాలి. అచ్చు పగిలినచోటికి లోహం ఎక్కితేనే గీత ఇలా పైకి లేస్తుంది.

“డై క్రాక్” అన్నాను.

లఖీ ధరలో పదోవంతు కూడా అడగలేదు. కొనుక్కున్నాను. కవరు మీద తన చేత్తోనే పేరు రాయమన్నాను. రాసిచ్చి, డబ్బాలో మిగిలినవి కూడా నా ముందు పరిచాడు.