గాజువాకలో మా నుయ్యి

మేము కొండదొరలం. పాడేరు దాటి లోపలికి వెళ్తే వచ్చే కొండ ఊరు మాది. ఆ ఊళ్లో నుయ్యి లేదు. కొండ వాలులో ఊట ఉండేది. వెదురుబొంగు చీల్చి దోనెలా ఆనిస్తే ఏడాది పొడుగునా నీళ్లు జారేవి. ఊటకు పైన కాళ్లు కడగకూడదు, ఉమ్మకూడదు, పశువుల్ని కట్టకూడదు. దానికి వేరే కాపలా లేదు, పెద్దోళ్ల మాటే కాపలా. నీళ్ల కోసం నేలను తవ్వాలన్న సంగతి మాకు విశాఖపట్నం వచ్చాకే తెలిసింది.

నాన్న స్టీలు ప్లాంటు కట్టేటప్పుడు మట్టి పనికి దిగాడు. దానికి ఇందిరాగాంధీ 1971 జనవరి 20న శంకుస్థాపన చేసినా, పని ఊపందుకున్నది 1980లలోనే. నాలుగేళ్లు కూలి చేసి, గాజువాక దాటాక కూర్మన్నపాలెం వైపు వంద గజాల జాగా కొన్నాడు. ఇల్లు లేవక ముందే నుయ్యి తవ్వాడు. కొండ మీంచి ఇద్దరు మావయ్యలు దిగివచ్చారు. పగలు ప్లాంటు పని, సాయంత్రం నుంచి నూతి పని. పైన ఎర్రమట్టి, దాని కింద జిగట మట్టి, ఆ తర్వాత పలుగు తగిలితే పెళుసుగా విడిపోయే రాయి. ఆ రాతిలో దానిమ్మ గింజల్లాంటి ఎర్రటి పలుకులు ఉండేవట. ఇరవై ఎనిమిది అడుగుల దగ్గర నీళ్లు ఊరాయి. నాలుగు అడుగుల వెడల్పు సిమెంటు ఒరలు దించారు.

ఆ రాయి సంగతి మాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. మాలో చిన్నది డిగ్రీలో జియాలజీ చదివింది. ఒకరోజు పుస్తకం పట్టుకుని పరుగున వచ్చింది. విశాఖ కొండలన్నీ, మన నూతి అడుగుతో సహా, ఖోండలైటు రాయి అని చెప్పింది. వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1902లో ఆ రాతికి ఖోందుల పేరు పెట్టాడట. ఖోందులంటే మా కొండ వెనక ఊళ్లలో ఉండే కోదువాళ్లే, మా తాతలు సంతలో పసుపూ చింతపండూ మార్చుకున్నవాళ్లు. అమ్మ అంతా విని, "మన పేరు రాతికి పెట్టారు గానీ, వీధిలో మనల్ని పేరెట్టి పిలిచినోడు ఎవుడు?" అంది. వీధిలో మా ఇంటి పేరు 'కొండోళ్లిల్లు'. ఇప్పటికీ అంతే.

నుయ్యి తవ్వడం ఒక ఎత్తు, నిలుపుకోవడం ఇంకో ఎత్తు. నాన్న ఏటా వైశాఖంలో, నీరు బాగా అడుగంటినప్పుడు, పూడిక తీయించేవాడు. ముందు లాంతరు వెలిగించి తాడుతో అడుగుదాకా దించేవాడు. దీపం మినుకుమంటే ఆ పూట ఎవరినీ దిగనిచ్చేవాడు కాదు. నడుముకు తాడు కట్టకుండా, గట్టు మీద ఇద్దరు లేకుండా దిగడం లేదు.

నాన్న పోయిన ఏడాది మేము తెలివి ఉపయోగించాం. బొక్కెనలతో తోడడం ఎందుకని డీజిల్ ఇంజను అద్దెకు తెచ్చి, పైపు అందడం లేదని దాన్నే నూతిలోకి దించి నడిపాం. నీళ్లు గంటలో ఖాళీ. ఇంజను ఆపి లాంతరు దించితే చక్కగా వెలిగింది. మాలో పెద్దవాడు దిగాడు. పావుగంటకు కేక లేదు, తాడు కదలదు. అమ్మ అరుపుకి వీధిలోవాళ్లు పరుగెత్తుకొచ్చి లాగారు. కళ్లు తేలేసి ఉన్నాడు. ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టాక మనిషయ్యాడు. అక్కడి డాక్టరుగారు చెప్పింది ఇది చదివేవాళ్లంతా గుర్తుపెట్టుకోండి. గాలిలో ప్రాణవాయువు తగ్గితే దీపం ఆరుతుంది. ఇంజను పొగలోని విషవాయువుకు దీపం ఆరదు, మనిషే ఆరిపోతాడు. ఇంజను గట్టు మీదే, అదీ గాలివాటుకు దూరంగా ఉండాలి. నూతిలోకి దించకూడదు.

ఇక మందు వేయడం. చాలా ఇళ్లలో బ్లీచింగ్ పౌడరు గుప్పెడు తీసి నూతిలో చల్లేస్తారు. మేమూ అలాగే చేసేవాళ్లం. వీధికి వచ్చే ఆరోగ్య కార్యకర్త అప్ప మాకు లెక్క నేర్పింది. మామూలుగా తేటగా ఉన్న నీటికి వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు. మా నూతిలో పది అడుగుల నీరుంటే సుమారు 3,400 లీటర్లు, అంటే ఎనిమిదిన్నర గ్రాములు, రెండు టీ చెంచాలు. దాన్ని బకెట్లో కొద్ది నీళ్లతో ముద్ద చేసి, మరిన్ని నీళ్లు పోసి కలిపి, పది నిమిషాలు ఆగితే సున్నం అడుగుకు చేరుతుంది. పై తేటనే వేరే బకెట్లోకి వంచి, నూతిలో ముంచి పైకీ కిందికీ కుదపాలి. అడుగు సున్నం పారబోయాలి, అది పడితే నీరు కరుకెక్కుతుంది. గంట ఆగాకే తోడుకోవాలి. వరదనీరు కలిసినప్పుడు ఈ కొలత చాలదు, ఆరోగ్య కార్యకర్తను అడిగి వేయాలి. పొట్లం పాతదైతే బలం ఉండదు, కొత్తది కొనండి.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను విశాఖ మీదే తీరం దాటిన రోజు. చెట్లూ కరెంటు స్తంభాలూ కూలిపోయాయి. కరెంటు లేకపోతే కుళాయి లేదు, బోరు లేదు. వీధిలో ఎనిమిది బోర్లు ఉన్నా చుక్క రాలేదు. మా నూతికి కరెంటుతో పని లేదు. గిలక ఉంది, చేద ఉంది. గాలికి రాలిన ఆకులూ రొట్టా మూడు గంటలు తీశాం, నీరు రెండుసార్లు తోడి పోశాం, మందు వేశాం, తాగే నీళ్లు కాచాం. మర్నాటి నుంచి బిందెలు వరస కట్టాయి.

ఆ వరసలో ఎదురింటావిడ ఉంది. ఇరవై ఏళ్లుగా మా గుమ్మంలో నిలబడి మాట్లాడేదే గానీ, మంచినీళ్లు ఇచ్చినా ముట్టలేదు. ఆరోజు మొదట కొడుకుని పంపింది. తర్వాత తనే వచ్చి, "మీ నూతిలో తోడుకోవచ్చేటమ్మా?" అంది. "తోడుకో అమ్మా. తాడు కొత్తది, అరచెయ్యి ఒరుస్తాది, జాగ్రత్త" అంది అమ్మ. తొమ్మిది రోజులు మా వీధి మా నీళ్లు తాగింది. దీపావళికి అమ్మ ఆవిడకు టీ ఇచ్చింది. ఇప్పుడే తాగొచ్చానంది ఆవిడ.

మూడేళ్ల క్రితం మా ఇంటి పైవాలున కొత్త ఇల్లు లేచింది. వాళ్ల మరుగుదొడ్డి గొయ్యి మా నూతికి ఇరవై అడుగుల దూరం. కనీసం యాభై అడుగులు ఉండాలి. మరుసటి వానాకాలానికి నీటిలో వాసన తేలింది. సీసాలో పట్టి పరీక్షకు ఇస్తే, పేగుల్లో ఉండే సూక్ష్మజీవులు ఉన్నాయని వచ్చింది. వంద మిల్లీలీటర్లలో ఒక్కటి కూడా ఉండకూడనివి అవి. ఆ ఇంటాయన దగ్గరికి వెళ్తే, "కుళాయి వస్తుంది కదా, పూడ్చేసి బండి పెట్టుకోండి" అన్నాడు. మాలో ఒకరికి ఆ మాట నచ్చింది కూడా. కారు కొన్నాడు మరి. ఇంట్లో రెండు వారాలు మాటల్లేవు.

కుళాయి నీళ్లూ కొండవే. గోస్తనీ అనంతగిరి కొండల్లో పుట్టి, తాటిపూడి జలాశయంలో ఆగి నగరానికి వస్తుంది. మా ఊట నీరు పైపుల్లో తిరిగి బిల్లు కట్టించుకుని మా దగ్గరికి వస్తోందని అమ్మ నవ్వుతుంది. ఆ నవ్వు మాకు నవ్వులా ఉండదు.

పూడ్చలేదు. పై పది అడుగుల ఒరల అతుకులు సిమెంటుతో మెత్తించాం. గట్టు మూడడుగులు లేపాం, చుట్టూ వాలుగా పళ్లెం పోసి కాలవ తీశాం, పైన సన్న కన్నాల వల కట్టాం. డాబా మీది వాననీటిని, మొదటి వాన వదిలేసి, గులకరాయీ ఇసకా నింపిన గుంతలోకి మళ్లించాం. పక్కాయన గొయ్యి మార్చలేదు. పోయిన పరీక్షలోనూ జీవులు కనిపించాయి, ముందుకన్నా తక్కువ. అందుకే ఇప్పుడు ఆ నీళ్లు గిన్నెలకీ, గుడ్డలకీ, బీరపాదుకీ. తాగాలంటే కాచుకుంటాం. అమ్మ మాత్రం క్యాను నీళ్లు ముట్టదు.

ఈ వైశాఖంలో పూడికకు మనిషి దొరకలేదు. మేమే తీయాలి. లాంతరు కిరసనాయిలు ఎక్కడా దొరకడం లేదని కొవ్వొత్తి డబ్బాలో పెట్టి దించుదామంటే, అమ్మ ఒప్పుకోలేదు. అరకు సంత నుంచి ఎవరో సీసాడు తెస్తున్నారు. అది వచ్చాక, ఆదివారం పొద్దున్నే దిగుతాం.